సగం సున్నా గురించి, మాత్ర గారికి

మైగ్రేన్ తలనొప్పిని ఆపే శ్రీ సుమాట్రిప్టాన్ మాత్ర గారికి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం ఒక పక్కే ఉంది, కుడి కణత వైపు. ఎడమ వైపు సంగతి నిన్నటి పెళ్ళిలో మీరే చూశారు.

మీ షరతులు తెలిసినవే. నొప్పి మొదలవగానే మింగాలి, ముదిరాక మింగితే సరిగా పలకరు. అలాగని నెలకి పది రోజులు చొప్పున మూడు నెలలు వాడితే, మీవల్లే కొత్త తలనొప్పి పట్టుకుంటుంది. అందుకే డాక్టరుగారు నాకు తొమ్మిది రోజుల దగ్గర గీత గీశారు. త్వరపడమనేదీ మీరే, ఆగమనేదీ మీరే.

నిన్న తారీఖు 26. క్యాలెండరులో అప్పటికే, మిమ్మల్ని మింగిన రోజుకొకటి చొప్పున, ఎనిమిది సున్నాలు చుట్టి ఉన్నాయి. పాలకొల్లులో బయల్దేరి చించినాడ వంతెన ఎక్కేసరికి కణత దగ్గర నరం టిక్కుమంది. పర్సు జిప్పు తీశాను. మళ్ళీ వేశాను. ఇది మైగ్రేనేనా, పొద్దున్న కాఫీ తాగకపోవడమా? మిగిలిన ఒక్క రోజూ కాఫీ నొప్పికి తగలేస్తే, 29న స్కూల్లో వస్తే ఏం చెయ్యను? రాజోలు చేరేదాకా ఆ జిప్పుతోనే సరిపోయింది.

మండపంలో వీడియో లైటు సరిగ్గా నా కంట్లోకే. డీజే సంగతి వదిలేయండి. ఆవ పెట్టిన పనసపొట్టు కూరంటే నాకు ప్రాణం, దాని వాసనకే కడుపులో తిప్పింది. అప్పుడు మింగాను. మైగ్రేన్ ముదిరితే కడుపు కూడా పని మానేస్తుందిగా, మింగింది మింగినట్టే కూర్చుంది. పావుగంటకి మండపం వెనక కొబ్బరి డొక్కల గుట్ట పక్కన వంగి, మిమ్మల్ని మళ్ళీ కళ్ళారా చూశాను. మా తోటికోడలు వీపు నిమురుతూ, "విశేషమేమన్నానా అక్కా?" అంది. నాకు 47 ఏళ్ళు.

ఇప్పుడు చెప్పు. కక్కేసిన మాత్ర లెక్కలోకి వస్తుందా, రాదా? నువ్వు చేసిన పనేమీ లేదు, సున్నా మాత్రం నాకా? వీధి చివర కిళ్ళీకొట్టు ఖాతా కూడా ఇంతకంటే న్యాయంగా ఉంటుంది!

నొప్పి రాకుండా రోజూ వేసుకునే మీ చుట్టాలైతే చాలావరకు వేరే జబ్బుల దగ్గర తెచ్చిన అరువు సరుకే. ప్రొప్రనలాల్ కొంటుంటే షాపు కుర్రాడు పదిమందిలో "గుండెకా అండీ" అంటాడు. టోపిరమేట్ మూర్ఛ మందు. అది వాడినన్నాళ్ళూ సోడా చప్పగా ఉండేది, పాఠం మధ్యలో మాట నాలుక చివరే ఆగిపోయేది. ఎమిట్రిప్టిలిన్ డిప్రెషన్ మందని ఫోన్లో చదివి మా ఆయన వారం రోజులు నాతో మెత్తగా మాట్లాడారు. ఆ మేరకు బాగానే పనిచేసింది. మైగ్రేన్ రాకుండా ఆపడానికనే తయారుచేసిన ఎరెనుమాబ్ ఇంజెక్షనుకి 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని ధర విన్నాక కాసేపు తలనొప్పి కూడా మర్చిపోయాను.

నిజం చెప్పాలంటే కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో నిన్ను వేళకే వేసుకున్నాను. గంటన్నరకి లేచి కూర్చుని, ప్రభలన్నీ చూసి, జీళ్ళు కొనుక్కుని ఇంటికొచ్చాను. ఆ మంచితనం చూసే నిన్ను ఇంకా పర్సులో పెట్టుకు తిరుగుతున్నాను.

26 చుట్టూ ప్రస్తుతానికి సగం సున్నా చుట్టాను. మిగతా సగం మీ జవాబు వచ్చాక.

ఇట్లు,
ఎడమ కణత తరఫున