కోడలికి పరీక్షలు, డబ్బాకు దండం

పెళ్లయి రెండేళ్లు దాటినా కడుపు పండకపోతే మన ఇళ్లలో దర్యాప్తు ఆలస్యం కాదు, ముద్దాయి కోడలు. స్కాన్లు ఆమెకే, పుట్ట చుట్టూ ప్రదక్షిణలు ఆమెకే, పెద్దత్తయ్య చెప్పిన పసరూ ఆమెకే. అబ్బాయిని టెస్టుకి రమ్మంటే 'మా వంశంలో అలాంటివి లేవు' అని కేసు అక్కడికక్కడే కొట్టేస్తారు. ఇక వాడు ఏళ్ల తరబడి పత్తిచేలో వీపున మోసిన పురుగుమందు ట్యాంకు, అందులోంచి కారి చొక్కా తడిపిన మందు, ముక్కుకు మాస్కు బదులు చుట్టిన తువ్వాలు, వీటినైతే సాక్షులుగా కూడా పిలవరు. డబ్బా మీద ఘోరమైన విషమని ఎర్ర త్రికోణం వేసి ఉన్నా సరే! రసాయనానికీ పరువుంటుంది కదండీ.

ఈ మర్యాదలో అమెరికావాళ్లు మనకు గురువులు. తోటల్లో వేళ్లను తినే నులిపురుగులను చంపడానికి డీబీసీపీ అనే మందు ఉండేది. దాన్ని పీల్చిన ఎలుకల వృషణాలు కుంచించుకుపోతున్నాయని తయారీ కంపెనీలకు 1958 నాటికే తెలుసు, 1961లో ఆ సంగతి అచ్చయింది కూడా. ఎలుకలు కోర్టుకి వెళ్లవు కాబట్టి వ్యాపారం సాగింది. చివరికి 1977లో కాలిఫోర్నియాలోని లేత్రాప్‌లో ఆ మందు తయారయ్యే ఫ్యాక్టరీ కార్మికులు, మనవాళ్లకి పిల్లలు పుట్టట్లేదేంటని తమలో తామే మాట్లాడుకుని టెస్టులు చేయించుకుంటే, కొందరిలో వీర్యకణాలు బాగా తక్కువ, కొందరిలో అసలే లేవు.

అప్పుడు మాట్లాడాడండీ మేధావి. పీచ్ పండ్ల రైతుల సంఘం పెద్దాయన ఒకరు కార్మికుల భద్రత చూసే ప్రభుత్వ శాఖకు ఉత్తరం రాశారు: పిల్లలు పుట్టకపోవడమే సమస్యయితే, ఇక పిల్లలు వద్దనుకునే పెద్ద వయసువాళ్లని ఆ పనిలో పెట్టొచ్చు కదా, వేసెక్టమీకి (పిల్లలు పుట్టకుండా మగవాళ్లకి చేసే ఆపరేషన్‌కి) బదులు ఇదే చాలని కొందరు తామే ముందుకు రావచ్చు, కుటుంబ నియంత్రణను మతం ఒప్పుకోనివాళ్లకి ఇదొక దారి కూడా అని. నవ్వకండి, రికార్డుల్లో ఉన్న ఉత్తరమిది.

ఇంత గొప్ప ఆలోచనని తోసిపుచ్చి 1979లో అమెరికాలో ఆ మందును నిషేధించారు, హవాయి అనాస తోటలకు మాత్రం 1985 దాకా వెసులుబాటిచ్చారు. మధ్య అమెరికా అరటితోటల్లో ఆ మందు వాడిన కూలీలు వేలమంది తర్వాత కోర్టుల చుట్టూ ఏళ్లకేళ్లు తిరిగారు, ప్రదక్షిణల్లో మన కోడళ్లకేం తీసిపోలేదు.

డీబీసీపీ మన దగ్గరా నిషేధమే, నిజమే. కానీ ఆ పెద్దాయన సూత్రాన్ని ఎవరూ నిషేధించలేదుగా! అందుకే కుటుంబ సంక్షేమ శాఖకు నాదొక విన్నపం. వేసెక్టమీకి వచ్చే మగాడికి ప్రభుత్వం పారితోషికం ఇస్తోంది, చేలో పురుగుమందు కొట్టేవాడికి మాత్రం రోజు కూలీతో సరిపెడుతున్నారు. ఆ తేడా డబ్బులు లెక్కగట్టి, పాత బకాయిలతో సహా పురుగుమందుల కంపెనీల దగ్గర వసూలు చేయండి. రసీదు కోడలి పేరున రాస్తే ఇంకా మంచిది, ఇన్నేళ్లూ ఆస్పత్రి బిల్లులన్నీ ఆమె పేరునే ఉన్నాయి.