మే 28న పుట్టింది ఒక్కరేనా?

మే 28 వచ్చిందంటే చాలు, ఫోను తెరిస్తే ఎన్టీఆరే. స్టేటస్‌లలో ఎన్టీఆర్, టీవీలో ఎన్టీఆర్, హన్మకొండ చౌరస్తాలో ఫ్లెక్సీ మీద ఎన్టీఆర్. దాని మీద నాకేం కోపం లేదు. 1923లో నిమ్మకూరులో పుట్టిన ఆ మనిషి పార్టీ పెట్టిన తొమ్మిది నెలల్లోనే అధికారంలోకి వచ్చాడు. అలాంటివాణ్ని తలుచుకోకపోతేనే తప్పు. నా బాధ వేరు. అదే మే 28న, ఆయన కంటే ఇరవై ఏడేళ్ల ముందు, 1896లో, మన పాలమూరు గడ్డ మీద సురవరం ప్రతాపరెడ్డి గారు పుట్టారు. మీ ఫోనుకు ఆయన ఫొటో ఒక్కటన్నా వచ్చిందా? మీరెవరికన్నా పంపారా?

ఆయన ఎవరో కొంచెం వివరంగానే చెప్తాను. నిజాం రాజ్యంలో ఉర్దూదే పైచేయిగా ఉన్న రోజుల్లో, 1926లో, హైదరాబాద్ నుంచి గోలకొండ పత్రిక మొదలుపెట్టిన మనిషి. తెలంగాణలో కవులే లేరని ఒకరు తీసిపారేసినట్టు రాస్తే, మాటకు మాట అని ఊరుకోలేదు. ఊళ్లలో ఎక్కడెక్కడో ఉన్న కవుల పద్యాలు, వివరాలు తెప్పించి, 354 మందిని ఒక్కచోట చేర్చి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. లేరన్నారుగా, ఇదిగో చూసుకోండి అన్నట్టు. తర్వాత ఆంధ్రుల సాంఘిక చరిత్ర రాశారు. అందులో రాజులు, యుద్ధాల కంటే మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నదే ముఖ్యం. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగుకు ఇచ్చిన మొట్టమొదటి బహుమతి దానికే వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లు.

ఎవరికీ పట్టని పేర్లను ఏరి తెచ్చి 354 మందిని లోకానికి చూపించిన మనిషి పేరు ఆయన పుట్టినరోజు నాడే మనకు యాదికి రావట్లేదు. ఇది నాకు నిజంగా కడుపు రగిలే విషయం. తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టుకున్నాం, సంతోషం. కానీ ఆ పేరు ఎవరిదో చెప్పే రోజు పిల్లలకు ఎక్కడుంది? మే 28 అంటే నడి ఎండాకాలం, బడులకు సెలవులు. బడి నడిచే రోజైతే కనీసం ఒక ఫొటో, ఒక పూలదండ, ఒక సార్ చేత రెండు మాటలు. ఆయనకు ఆ అదృష్టం కూడా లేదు. సినిమా లేదు, పార్టీ లేదు, సెలవుల్లో పుట్టాడు. ఇంకేముంది, మరుగున పడిపోయాడు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఒకే రోజు పుట్టినవాళ్ల గురించి పిల్లలకు ఏటా చెప్పే పాఠం ఒకటుంది. ఒక గదిలో ఎంతమంది ఉంటే, వాళ్లలో కనీసం ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది? పిల్లలు నూట ఎనభై అంటారు, మూడు వందలు అంటారు. జవాబు 23. ఎందుకంటే 23 మందిని ఇద్దరిద్దరుగా జత కడితే 253 జతలవుతాయి. నలభై మంది ఉన్న క్లాసులో ఆ అవకాశం 89 శాతం. బోర్డు మీద లెక్క పూర్తయ్యేసరికి పిల్లలు ఒకరి తేదీలు ఒకరు అడుక్కుంటూ క్లాసంతా గోల గోల. నాకు చాలా ఇష్టమైన గోల అది.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, ఇద్దరు గొప్పవాళ్లు ఒకే రోజు పుట్టడంలో వింతేమీ లేదు. పొద్దున్నే టీవీలో కూర్చుని ఫలానా తేదీన పుట్టినవాళ్ల జాతకం ఇలా ఉంటుందని చెప్పేవాళ్ల మాటలు నమ్మకండి. అబ్రహాం లింకన్, చార్లెస్ డార్విన్ ఒకే ఏడు, ఒకే రోజు పుట్టారు, 1809 ఫిబ్రవరి 12న. ఒకరు అమెరికాలో దుంగలతో కట్టిన గుడిసెలో, ఇంకొకరు ఇంగ్లండులో బాగా ఉన్న డాక్టరు ఇంట్లో. వాళ్ల దారులు ఎక్కడా కలవలేదు. ఏడాదికి ఉన్నవే 365 రోజులు, ప్రముఖులు వేల మంది. ఏ తేదీ తీసుకున్నా పది మందికి తక్కువ ఉండరు. తేదీ కలవడం ఎవరి చేతిలోనూ లేదు. ఆ పది మందిలో ఎవరి పేరు పలుకుతామన్నది మాత్రం మన చేతిలో ఉంది. ఆ పని మనం ఫోనుకు వదిలేశాం.

బడిలో పొద్దున ప్రార్థన అయ్యాక ఒక పిల్లవాడు వచ్చి ఈ రోజు ప్రత్యేకత చదువుతాడు. రాత్రి ఫోనులో చూసి నోట్‌బుక్ చివరి పేజీ చింపి రాసుకొచ్చిన కాగితం. జూన్ 28న మా బడిలో ఆ కాగితం మీద ఏముందో తెలుసా? ఎలాన్ మస్క్. ఒక్క పేరే. గబగబా చదివేసి, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని లైన్లోకి వెళ్లిపోయాడు. వాడి తప్పేం లేదు, ఫోను పైన ఏం చూపిస్తే అది రాసుకున్నాడు. కానీ అది హన్మకొండ జిల్లా. వంగర మా జిల్లాలోనే ఉంది. నర్సంపేట పక్కన లక్నేపల్లిలో 1921 జూన్ 28న పుట్టి, వంగరలో పెరిగి, ఈ దేశానికి ప్రధాని అయిన పీవీ నరసింహారావు గారి పేరు ఆయన సొంత జిల్లాలో, ఆయన పుట్టినరోజు నాడు, ఒక బడి ప్రార్థనలో వినపడలేదు.

మస్క్ పేరు చదవొద్దని నేననను. ఇద్దరినీ పక్కపక్కన పెడితే పాఠం ఎంత బాగుంటుందో చూడండి. మస్క్ దక్షిణాఫ్రికాలో పుట్టింది 1971 జూన్ 28న. సరిగ్గా ఆ రోజు పీవీకి యాభై నిండాయి. అదే ఏడు సెప్టెంబరు చివర్లో ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలు పట్టుబట్టి ముందుకు తీసుకుపోయి, భూస్వాముల కోపానికి గురై, 1973లో కుర్చీ వదులుకున్నారు. మళ్లీ ఇరవై ఏళ్లు కూడా కాకముందే, 1991లో, దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటిన రోజుల్లో ప్రధాని అయ్యారు. విదేశీ కంపెనీలకు తలుపులు తెరుచుకున్నది ఆయన కాలంలోనే. మస్క్ లాంటివాళ్ల సరుకు మన దగ్గరికి రావడం వెనుక ఆ తెరిచిన తలుపు కూడా ఉందని ఆ పిల్లవాడికి చెప్పేవాళ్లెవరు?

అదే జూన్ 28న, 1940లో, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని చిట్టగాంగ్‌లో ముహమ్మద్ యూనస్ కూడా పుట్టాడు. పూచీకత్తు లేకుండా పేద ఆడవాళ్లకు చిన్న చిన్న అప్పులు ఇచ్చి గ్రామీణ బ్యాంకు నడిపి, 2006లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. ఈ ముక్క మా పిల్లలకు చెప్తే వెంటనే అందుతుంది, ఎందుకంటే వాళ్లమ్మలు పొదుపు సంఘాల్లో ఉన్నారు. వారం వారం డబ్బు కట్టడమేంటో, ఒకరు కట్టకపోతే మిగతావాళ్లు ఇంటికొచ్చి అడగడమేంటో వాళ్లకు ఎవరూ వివరించక్కర్లేదు. ఒక్క తేదీలో ఇంత ఉంది. మనం చదివింది ఒక్క పేరు.

సెప్టెంబరు 26 కూడా అలాంటిదే. ఐలమ్మ జయంతి. 1895లో రాయపర్తి దగ్గర కృష్ణాపురంలో పుట్టి, పాలకుర్తిలో కాపురం చేసి, కౌలుకు తీసుకున్న భూమిలో పంట పండించుకుంటే, విసునూరు దేశ్‌ముఖ్ ఆ పంట నాదన్నాడు. చాకలామె నీకు భూమేంది అన్న కాలం అది. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆంధ్ర మహాసభ సంఘం కార్యకర్తలు తోడు నిలిస్తే పంట కోసి ఇంటికి తెచ్చుకుంది. అదే తేదీన 1820లో బెంగాల్‌లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పుట్టాడు. 1856లో వితంతు వివాహాలకు చట్టం వచ్చిందంటే ఆయన పోరాటం వల్లే. ఒకాయన శాస్త్రాలు తిరగేసి, అర్జీలు పెట్టి ఆడవాళ్ల కోసం కొట్లాడాడు. ఒకామె చదువు లేకుండానే తన వడ్ల కోసం తానే నిలబడింది. ఈ ఇద్దరినీ ఒక్క ప్రార్థనలో చెప్పే సారు, టీచరమ్మ ఉంటే ఆ రోజు పిల్లలు ఏం నేర్చుకుంటారో ఊహించండి.

మన్మోహన్ సింగ్ గారిది కూడా సెప్టెంబరు 26, పుట్టింది 1932లో. పీవీ ఏరికోరి ఆర్థికమంత్రిని చేసిన మనిషి. 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చింది ఆయన ప్రధానిగా ఉన్నప్పుడే. ఎండాకాలం చెరువు పూడిక తీసే పనికి పోయొచ్చిన తల్లుల పిల్లలు నా క్లాసులో చాలామంది ఉన్నారు. వాళ్లకు ఆయన పరాయివాడు ఎలా అవుతాడు?

అక్టోబరు 2 గురించి అందరికీ తెలుసు. గాంధీ గారి ఫొటోకు దండ, ఉపన్యాసం, పాట. లాల్ బహదూర్ శాస్త్రి గారి వంతు వచ్చేసరికి చాక్లెట్లు పంచడం మొదలవుతుంది.

ఇద్దరికీ న్యాయం జరిగే రోజులు లేవా అంటే ఉన్నాయి. ఆగస్టు 29 చూడండి. గిడుగు రామమూర్తి గారు పుట్టిన రోజు, హాకీలో మూడు ఒలింపిక్స్ బంగారు పతకాలు తెచ్చిన ధ్యాన్‌చంద్ పుట్టిన రోజు. ఒకరి పేర భాషా దినం, ఒకరి పేర క్రీడా దినోత్సవం. పొద్దున తెలుగు సారు మాట్లాడతాడు, సాయంత్రం పీఈటీ సారు గ్రౌండులో ఆటలు పెట్టిస్తాడు. ఎవరూ ఎవరికీ అడ్డం కాలేదు. మనసుంటే పావుగంట ప్రార్థనలో ఇద్దరు ముగ్గురు హాయిగా ఇముడుతారు.

సెప్టెంబరు 9 మన కాళోజీది. ఆ రోజును 2014 నుంచి తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇక్కడ మనవాడికి లోటేం లేదు. అక్షయ్ కుమార్ కూడా అదే రోజు పుట్టాడు, అయినా వరంగల్‌లో ఆ రోజు కాళోజీదే. అంటే పట్టుబట్టి నిలబెట్టుకుంటే నిలబడుతుంది. నా కోరికల్లా ఆ రోజు ఇంకొక్క పేరు కలపాలని. టాల్‌స్టాయ్ పుట్టింది కూడా సెప్టెంబరు 9నే, 1828లో. అప్పటి రష్యాలో నడిచిన పాత క్యాలెండర్ ప్రకారం అది ఆగస్టు 28. క్యాలెండర్ మారితే పుట్టినరోజే పన్నెండు రోజులు జరిగింది, తేదీలకు మనం ఇచ్చే విలువ ఎంతటిదో దాన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు. ఆ పెద్దమనిషి తన జాగీరులో రైతుల పిల్లలకు బడి పెట్టి, వాళ్ల కోసం వాచకాలు తనే రాశాడు. కాళోజీ తల్లిది కన్నడం, తండ్రిది మరాఠీ. పెరిగింది మడికొండలో. జనం మాట్లాడే మాటే రాయాలని జీవితాంతం పట్టుబట్టాడు. వీళ్లిద్దరినీ ఒక్క వేదిక మీద తలుచుకుంటే కాళోజీ ఏం తగ్గడు. పిల్లలకు ఆయన ఎంతవాడో ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇంకో మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. ఈ తేదీల జాబితాల్లో ఎప్పటికీ చేరనివాళ్లున్నారు. రుద్రమదేవి ఏ రోజు పుట్టింది? బమ్మెర పోతన? సమ్మక్క? ఎవరూ రాసిపెట్టలేదు. కుమ్రం భీం పుట్టినరోజు అక్టోబరు 22 అని పుస్తకాల్లో ఉంటుంది. కానీ జోడేఘాట్‌లో గోండు జనం కలిసి ఆయన్ను తలుచుకునేది ఆశ్వయుజ పౌర్ణమి నాడు, వర్ధంతిగా. మన ఇళ్లలోనే చూడండి. మా బడి పాత అడ్మిషన్ రిజిస్టరు తెరిస్తే పేజీల కొద్దీ జూన్ నెలలో పుట్టినవాళ్లే. ముసలమ్మ మనవణ్ని చేయి పట్టుకుని తీసుకొచ్చి, మేడారం పెద్దజాతర పోయినంక, బతుకమ్మకు ముందు పుట్టిండు సారూ అంటే, అప్పటి హెడ్మాస్టరు బడిలో చేరడానికి వయసు సరిపోయేలా ఒక తేదీ వేశాడు. ఆ పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. సర్టిఫికెట్లో అదే తేదీ, ఆధార్‌లో అదే తేదీ. తేదీ రాసిపెట్టే స్తోమత ఉన్న ఇళ్లలో పుట్టినవాళ్లకే జయంతులు దక్కుతాయి. అందుకే ఫోను చూపించే జాబితాను నేను పూర్తి జాబితా అని ఎప్పటికీ ఒప్పుకోను.

ఇప్పుడు అసలు అడగాలనుకున్నది అడుగుతాను. హన్మకొండలో 1904లో పెట్టిన రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది. ఊళ్లలో శాఖా గ్రంథాలయాలున్నాయి. బడులకు సెలవులైతే గ్రంథాలయం ఉందిగా. వచ్చే మే 28న సాయంత్రం ఎండ తగ్గాక, గోలకొండ కవుల సంచికలోంచి ఓరుగల్లు, కరీంనగర్ వైపు కవుల పద్యాలు పిల్లల చేత చదివిద్దాం. ఎన్టీఆర్ గురించి మాట్లాడతామన్న అన్నలుంటే వాళ్లనూ పిలుద్దాం, ఒకే సభ, ఇద్దరి ఫొటోలు. జూన్‌లో బడి తెరిచేసరికి మన జిల్లాల వాళ్ల పుట్టిన తేదీలతో ఒక పట్టిక తయారుచేసి ప్రార్థన రిజిస్టరుకు అతికించే పని నేను మొదలుపెట్టాను. జూలై 22 చిన్నగూడూరు దాశరథి, జూలై 29 హనుమాజీపేట సినారె, ఆగస్టు 6 అక్కంపేట జయశంకర్ సార్ వరకు వచ్చాయి. పక్క గడిలో అదే తేదీన పుట్టిన బయటివాళ్లను రాస్తున్నాను, గాయకుడు ముకేశ్, జేఆర్డీ టాటా, పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్. మూడో గడి తేదీ దొరకనివాళ్ల కోసం, నెలకు ఒకరి చొప్పున. అందులో ఇంకా సగం ఖాళీగానే ఉంది. మీ ఊళ్లో అలాంటివాళ్లెవరున్నారో, ఏం చేశారో నాలుగు వాక్యాలు రాసి పంపండి.