ఎడమ చెయ్యి ఎత్తండి

ఇవాళ పొద్దున పదకొండింటికి జరిగిన సంగతి ఇది. కుడి తొడ ఇంకా చురుక్కుమంటూనే ఉంది. చల్లారకముందే రాసేస్తే ఓ పనైపోతుందని కూర్చున్నాను.

నాకు వేప్ ఉంది, అదే, బ్యాటరీ సెల్లుతో నడిచే ఎలక్ట్రానిక్ సిగరెట్టు. మా ఆవిడ దాన్ని వ్యసనం అంటుంది, నేను హాబీ అంటాను. పదకొండింటికి పంటి డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. పదిన్నర దాటాక తెలివొచ్చింది. వేప్‌లో ఉన్న సెల్లు చివరి గీత మీద కొట్టుకుంటోంది, ఛార్జర్‌లో ఉన్న సెల్లు పచ్చలైటు చూపిస్తోంది. దాన్ని లాగి పాంటు కుడి జేబులో పడేసుకుని పరుగెత్తాను. ఆ జేబులోనే తాళాలగుత్తి కూడా ఉంది.

ఈ హాబీలో ఉన్నవాళ్ళకి ఇక్కడే గుండె జారి ఉంటుంది. మిగతావాళ్ళకి కాస్త చెప్పాలి. మేము పొగ గురించి మాట్లాడుకుంటామని అందరూ అనుకుంటారు గానీ, మా మాటల్లో ముప్పాతిక వంతు సెల్లుల గురించే. ఏ ఛార్జర్‌లో ఎన్ని ఆంపియర్లు, ఏ సెల్లు పక్కన ఏ సెల్లు పెట్టాలి, రాత్రి ఛార్జింగు పెట్టి పడుకోవచ్చా కూడదా. రెండు సెల్లుల వేప్ కొన్నవాడు ఆ రెంటికీ మూడు ముళ్ళు వేసినట్టే. ఛార్జింగు కలిసే, వాడకం కలిసే, ఒకటి పోతే రెండోదాన్ని వేరే కొత్తదానికి కట్టబెట్టకూడదు. మనుషుల విషయంలో ఇంత పట్టింపు నేనెక్కడా చూడలేదు.

నా జేబులోది 18650 రకం. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, చివరి సున్నా గుండ్రంగా ఉందని చెప్పడానికి. నిండా ఛార్జి అయితే 4.2 వోల్టులు. టార్చి సెల్లుకి పైన బొడిపె ప్లస్సు, అడుగు మైనస్సు అని చిన్నప్పుడే నేర్చుకున్నాం కదా. దీనికి అడుగొక్కటే కాదు, చుట్టూ ఉన్న డబ్బా మొత్తం మైనస్సే, పై బొడిపె అంచు దాకా. ప్లస్సుకీ మైనస్సుకీ మధ్య అడ్డం చిన్న రింగూ, పైన పల్చటి ప్లాస్టిక్ తొడుగూ, అంతే. ఆ తొడుగు చిరిగితే కొత్తది తొడిగి హెయిర్ డ్రయ్యర్‌తో ఊదాలి, ముడుచుకుని అతుక్కుంటుంది. నా సెల్లుకి భుజం దగ్గర తొడుగు చిరిగిందని పోయినవారమే చూశాను. కొత్త తొడుగులు సొరుగులోనే ఉన్నాయి. హెయిర్ డ్రయ్యరూ ఉంది. ఆదివారం చూద్దాం అనుకున్నాను. అది ఏ ఆదివారమో మాత్రం అనుకోలేదు.

ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఊరికే సెల్లు జేబులో వేసుకోకూడదని పోయిన నెలే మా బామ్మర్దికి అరగంట క్లాసు పీకినవాణ్ణి నేను. "డబ్బాలో పెట్టుకో బావా, డబ్బాలో" అని వాడు నాకు చెప్పాల్సిన పరిస్థితి వస్తుందని అప్పుడు తోచలేదు. నా దగ్గర డబ్బా లేక కాదు. మా అమ్మాయి తన రబ్బర్లు దాచుకోవడానికి పట్టుకుపోయింది.

సరే, ఆస్పత్రి. చేతికో ఫారం ఇచ్చారు. "పొగ తాగుతారా? అవును / కాదు." రెండే గళ్ళు. నేను తాగేది పొగ కాదు. ఏదీ కాలదు. కాయిల్ వేడెక్కి, గ్లిజరినూ ప్రొపిలీన్ గ్లైకాలూ కలిసిన ద్రవం తుంపరగా మారుతుంది. ఇదంతా రాయడానికి ఫారంలో చోటేదీ? ఒకటిన్నర అంగుళం ఇచ్చినా రాసేవాణ్ణే. "కాదు" మీద టిక్కు పెట్టాను. తప్పు నాది కాదు, గళ్ళు గీసినవాడిది.

కుర్చీలో పడుకోబెట్టారు. మెడకి గొలుసుతో కాగితం తువ్వాలు కట్టారు. మత్తు ఇంజెక్షన్ చేశాక కింది పెదవిలో సగం ఎటో వెళ్ళిపోయింది. నోట్లో ఒకపక్క ఉమ్మి పీల్చే గొట్టం, ఒకపక్క అద్దం, మధ్యలో మిషను. డాక్టరుగారు ఎంతో ప్రేమగా, "నొప్పిగా అనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తండి. వెంటనే ఆపేస్తాను" అన్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. వెంటనే, అన్నారు.

మిషను మొదలైన కాసేపటికి కుడి తొడ వెచ్చబడింది. అబద్ధమెందుకు, మొదట హాయిగానే ఉంది. ఈమధ్య కార్లలో సీట్లు వేడెక్కుతున్నాయి కదా, ఇక్కడా ఆ సౌకర్యం పెట్టించారు కాబోలు, బిల్లులో వేస్తారు అనుకున్నాను. మరి ఒక్క తొడకే ఎందుకు పెట్టారా అని ఆలోచిస్తుండగా వెచ్చదనం కాస్తా వేడి అయింది. అప్పుడు తెలిసింది. కుర్చీ వెనక్కి వాల్చినప్పుడు తాళాలు జారి సెల్లు మీదికి వచ్చాయి. ఇంటి తాళంచెవి ఒక వైపు బొడిపెకీ, ఒక వైపు తొడుగు చిరిగిన చోటికీ ఆనుకుని, పదుల ఆంపియర్ల కరెంటుకి దారి ఇచ్చేసింది. మన ఫోను ఛార్జరు ఒకటో రెండో ఆంపియర్లు ఇవ్వడానికే గోరువెచ్చనవుతుంది. ఇక్కడ ఇంటి తలుపు తీయాల్సిన తాళంచెవి హీటరు ఉద్యోగంలో చేరిపోయింది.

ప్రాణం మీదికొస్తే జీవితమంతా కళ్ళముందు తిరుగుతుందంటారు. నాకు సెల్లుల చరిత్ర తిరిగింది. చిన్నప్పుడు మా ఇంట్లో టార్చి మూడు సెల్లులది. వెలుగు తగ్గితే సెల్లులు తీసి గోడ మీద ఎండలో పేర్చేవాళ్ళం. మధ్యాహ్నానికి నిజంగానే కాస్త ఊపిరి పోసుకునేవి. 9 వోల్టుల పలకలాంటి బ్యాటరీ ఉండేది, రెండు బొడిపెలూ పక్కపక్కనే. దాన్ని నాలుక కొసకి ఆనించి, జివ్వుమంటే "ఉంది", అనకపోతే "అయిపోయింది" అని తేల్చి చెప్పే నిపుణుణ్ణి నేనే. ఆ రోజుల్లో సెల్లులు ఎంత మర్యాదస్తులు! కోపమొస్తే జిగురు కక్కుకుని, స్ప్రింగుకి చిలుం పట్టించి, టార్చిలోనే కన్నుమూసేవి. యజమాని తొడ జోలికి వచ్చేవి కావు. ఈ లిథియం వంశం వేరు. 1991లో సోనీ వాళ్ళు మొదటిసారి వీటిని బజారుకి తెచ్చారు. 2019లో వీటి మూలపురుషులు ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ కూడా ఇచ్చారు. వాళ్ళలో గుడెనఫ్ గారికి అప్పటికి 97 ఏళ్ళు. అంత పెద్దాయన అంత జాగ్రత్తగా ఆలోచించి తయారుచేసినదాన్ని నేను తాళాలతో కలిపి జేబులో వేసుకున్నాను.

ఈ చరిత్రంతా ఎంతసేపు పట్టిందనుకున్నారు, నాలుగైదు సెకన్లు. ఎడమ చెయ్యి ఎత్తాను.

"అయిపోయింది, అయిపోయింది" అన్నారు డాక్టరుగారు. మిషను ఆగలేదు.

ఇంకా పైకి ఎత్తాను. స్కూల్లో ఒంటికి వెళ్ళడానికి కూడా అంత పైకి ఎత్తలేదు.

"ఒక్క నిమిషం. చాలా బాగా ఓర్చుకుంటున్నారు."

ఓర్చుకోవడమేమిటండీ! కుడి చేత్తో జేబు తీయబోతే ఆయన మోచెయ్యి అడ్డం. ఇక నోటితోనే చెప్పాలి. "సెల్లు కాలుతోంది" అన్నాను. అంటే, అనాలనుకున్నాను. సగం పెదవి లేని నోట్లోంచి, గొట్టం పక్కనుంచి, అద్దం కిందనుంచి వచ్చింది మాత్రం "ఎల్లు ఆలుఓంఇ".

"ఏమంటున్నారు?" అని ఆయన అసిస్టెంటు అమ్మాయిని అడిగారు. ఇలాంటి భాష రోజూ వింటుంది కాబోలు, ఆ అమ్మాయి క్షణం తడుముకోకుండా, "సెల్లు అంటున్నారు సార్" అంది.

నాకు ఆ పిల్లకి దండం పెట్టాలనిపించింది. కానీ డాక్టరుగారు నవ్వారు. "ఫోను ఎక్కడికీ పోదండీ. తర్వాత మాట్లాడుకోవచ్చు."

తెలుగులో ఈ రెంటికీ ఒకే మాట పెట్టినవాడెవడో గానీ, వాడు నాకిప్పుడు దొరకాలి. చెవి దగ్గర పెట్టుకునేదీ సెల్లే, తొడ కాల్చేదీ సెల్లే. నేను ఇంకా గట్టిగా "ఎల్లు! ఎల్లు!" అంటున్నాను. ఆయన ఉపన్యాసం మొదలుపెట్టారు. ఈ కాలం మనుషులకి పావుగంట సెల్లు లేకపోతే ఊపిరాడదట. మొన్నొకాయన నోట్లో మిషను ఉండగానే వీడియో కాల్ ఎత్తాడట. ఇంట్లో వాళ్ళబ్బాయి కూడా అంతేనట, అన్నం తింటూ సెల్లు, పడుకునీ సెల్లు. ఇదంతా ఆయన చెబుతుంటే నేను ఎడమ చేత్తో గాలిలో సెల్లు బొమ్మ గీసి చూపించాను. నిలువుగా, సన్నగా, 65 మిల్లీమీటర్లు. "అవునండీ, ఇప్పుడన్నీ సన్న ఫోన్లే" అన్నారు.

నేను లేచాను. ఎలా లేచానో అడక్కండి. లైటుకి నుదురు కొట్టుకుంది, గొట్టం పెదవికి వేలాడుతూ ఎవరి ఉమ్మో తెలియనట్టు సర్రుమంటూ గాలి పీలుస్తోంది, మెడలో గొలుసు, కాగితం తువ్వాలు రెక్కలా లేచింది. జేబులో చెయ్యి పెడితే వేళ్ళు కాలాయి. జేబునే బయటికి లాగి తిరగేశాను. తాళాలు నేల మీద ఖణేల్మన్నాయి. సెల్లు ఎగిరి, పుక్కిలించి ఉమ్మే గిన్నెలో పడి, తిరుగుతున్న నీళ్ళతోపాటు తనూ ఒక చుట్టు తిరిగి, ఆగి, బొడిపె దగ్గర్నుంచి బుడగలు వదలడం మొదలుపెట్టింది.

గదిలో ఆ బుడగల శబ్దం తప్ప ఇంకేం లేదు. మిషను ఇప్పుడు ఆగింది. వెంటనే.

డాక్టరుగారు పట్టకారుతో దాన్ని బయటికి తీసి, లైటు కింద అటూ ఇటూ తిప్పారు. పీకిన పన్నుని చూసినట్టే చూశారు.

"ఇదేమిటి?"

"ఆర్చి ఎల్లు" అన్నాను. టార్చి సెల్లు. అందులో అబద్ధం లేదు, మంచి టార్చిలు చాలావరకు ఇలాంటివాటితోనే వెలుగుతాయి.

"టార్చి ఏదీ?"

ఈ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు గానీ నా చొక్కా జేబు దగ్గర ఉంది. నేల మీది తాళాల కోసం వంగానో లేదో, వేప్ జారి ఆయన చెప్పుల మధ్య పడింది. పడ్డ ఊపుకి మూతి దగ్గర ద్రవం కాస్త చిందింది. గదంతా స్ట్రాబెర్రీ.

దానికీ ఓ కథ ఉంది. మూడో తరగతిలో నా దగ్గరొక గులాబీరంగు సెంటు రబ్బరు ఉండేది. దాంతో ఏదీ చెరిపిన గుర్తు లేదు. వాసన చూడటానికే ఉంచుకున్నాను, ఒక లెక్కల పీరియడులో మాత్రం మూల కొరికాను. ముప్ఫై ఏళ్ళ తర్వాత స్ట్రాబెర్రీ అని రాసున్న సీసా తెచ్చి మొదటి దమ్ము లాగితే, పండు గుర్తు రాలేదు, రబ్బరు మూల గుర్తొచ్చింది. అప్పట్నుంచీ అదే ఫ్లేవరు. మా అమ్మాయి దగ్గర ఇప్పుడు ఇరవై రబ్బర్లున్నాయి, ఒక్కదానికీ వాసన లేదు. సెల్లుల డబ్బాలో భద్రంగా ఉన్నాయి.

"సెంటు రబ్బరు వాసన వస్తోంది సార్" అంది అసిస్టెంటు అమ్మాయి. ఈ పిల్లకి రెండోసారి దండం.

డాక్టరుగారు మాత్రం మాట్లాడకుండా నా ఫారం తెప్పించుకున్నారు. "కాదు" మీది టిక్కు కొట్టేసి "అవును" మీద పెట్టి, కింద గీత కూడా గీశారు. "అదీ సంగతి. నోరు ఇంత ఎండిపోయి ఉందేమిటా అనుకున్నాను" అన్నారు. అది పొగ కాదనీ, గ్లైకాల్ తేమని పీల్చేస్తుంది కాబట్టి నోరెండుతుందనీ, రెండు గళ్ళలో ఇదంతా పట్టదనీ చెప్పబోయాను. "ఓగ ఆదు" అని వచ్చింది. ఆయన ఇంకో గీత గీశారు.

సెల్లుని చెత్తబుట్టలో వెయ్యబోతుంటే మాత్రం ఆపాను. షార్టయి నీళ్ళలో పడ్డ లిథియం సెల్లుని మళ్ళీ ఛార్జింగు పెట్టకూడదు, మామూలు చెత్తలోనూ కలపకూడదు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వాలి. పెదవి లేకుండానే ఇంత క్లాసూ పీకాను. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, స్టీలు ట్రేలో పెట్టి, కాలే వస్తువులేవీ లేని మూలకి జరిపింది. పోయేముందు ప్లస్సుకీ అడుక్కీ టేపు అంటించి, తాళాలకి ఎదురు జేబులో, దూదిలో చుట్టుకుని తెచ్చుకున్నాను.

పంటి పని సగంలో ఆగింది, తాత్కాలికంగా ఏదో కూరారు. తొడ మీద బొత్తాం అంత ఎర్రమచ్చ, దాని పక్కన తాళంచెవి గాట్లు వరసగా నాలుగు. పన్ను కోసం వెళ్ళినవాణ్ణి తొడ మీద పంటిగాటుతో వచ్చాను. మా ఆవిడకి ఇంకా చూపించలేదు.

బయటికి వస్తుంటే ఉక్రోషం ఆగక అసిస్టెంటు అమ్మాయిని అడిగాను. "చెయ్యి ఎత్తితే వెంటనే ఆపేస్తానన్నారు కదమ్మా?"

"అందరూ ఎత్తుతారు సార్" అంది.