త్రైమాసిక ఫలితాలవారికి నెల్లూరు నుంచి విన్నపం

మహారాజరాజశ్రీ త్రైమాసిక ఫలితాలవారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ కుశలం లేదు గానీ, మర్యాదకు రాస్తున్నాం.

షేర్ మార్కెట్ కంపెనీల లాభనష్టాల లెక్కలుగా, మూడు నెలలు ముగిసిన 45 రోజుల్లోగా, మార్చి లెక్కలకైతే 60 రోజుల్లోగా, తమరు వేంచేయాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం. చూపించుకోదగ్గ లెక్కలున్నవాళ్లు ముందే తెచ్చి పరుస్తారు. లేనివాళ్లు చాలాసార్లు ఆఖరి రోజు, అదీ పొద్దుగూకాక.

తమరు రాగానే ట్రంకు రోడ్డు నుంచి కావలి దాకా ఒకటే ప్రశ్న: "లాభం 20 శాతం పెరిగితే షేరు పడిందేందబ్బా?" రొయ్యల గుంటలున్న ఊళ్లలో ఈ ప్రశ్న రాకూడదు. 30 కౌంటని (కిలోకు 30 రొయ్యలని) చెప్పి రేటు కట్టించుకున్నాక పట్టుబడిలో 30 కౌంటే వస్తే ఎవడన్నా పైసా ఎక్కువిస్తాడా? 40 వస్తేనే కదా గొడవ. మార్కెట్ 25 శాతం అనుకుని ముందే కొనేసింది, తమరు 20 తెచ్చారు. అంతే.

ఆప్షన్లలో తమరి లీల మరీ చోద్యం. 1000 రూపాయల షేరు, గడువు నాడు దాన్ని 1000కే కొనే హక్కు, అంటే 1000 స్ట్రైక్ కాల్, గడువు పది రోజులు. తమరొస్తున్నారన్న హడావిడికి ఇంప్లైడ్ వొలటాలిటీ (షేరు ఎంత ఊగుతుందోనన్న మార్కెట్ అంచనా) 60కి ఎక్కి ప్రీమియం (ఆ హక్కు ధర) 40 అవుతుంది. 500 షేర్ల లాటుకు 20,000 కట్టారు. మర్నాడు షేరు 1020. ఊహ ఫలించింది, స్వీట్లు పంచొచ్చు. కానీ తమరొచ్చేశారు కాబట్టి ఆ 60 కాస్తా 28కి జారి, ప్రీమియం 29 దగ్గర నిలబడుతుంది. ఊహ నిజమైనందుకు రుసుము 5,500, బ్రోకరేజీ అదనం. పోనీ గడువు దాకా పట్టుకుందామా? స్టాక్ ఆప్షన్లకు 2019 నుంచి డెలివరీ తప్పనిసరి. గడువు నాటికి షేరు 1000 పైనుంటే 5 లక్షలు పెట్టి 500 షేర్లూ ఇంటికి తెచ్చుకోవాల్సిందే. మార్జిన్ (పూచీగా పెట్టే డబ్బు) అడగడం నాలుగు రోజుల ముందే మొదలవుతుంది.

షేర్లే కొన్నవాళ్లకు స్టాప్‌లాస్ (ఫలానా ధరకు పడితే అమ్మెయ్యమన్న ఆర్డరు) ఉందన్న ధీమా. తమరు రాత్రి వస్తే ఉదయం 9:15కి షేరు 920 దగ్గర తెరుచుకుంటుంది. 980లో పెట్టిన మార్కెట్ స్టాప్‌లాస్ (దొరికిన ధరకు అమ్మమన్నది) 920కి తెగుతుంది. ఇంతకు తగ్గితే అమ్మొద్దని లిమిట్ పెట్టినవాళ్లదైతే తెగను కూడా తెగదు.

ఇక తమరి కాగితం. నికరలాభం లైను చూసి మురిసేలోపు పైనున్న 'ఇతర ఆదాయం' చూడాలి. స్థలం అమ్మిన డబ్బు అక్కడో, అసాధారణ అంశాల్లోనో దాక్కుంటుంది. డబ్బు నిజంగా చేతికొచ్చిందా అంటే నగదు ప్రవాహ పట్టిక సెప్టెంబర్, మార్చి లెక్కలతో తప్ప ఇవ్వనక్కర్లేదట! జూన్‌లో అమ్మకాలు పెరిగాయన్నారు. కొన్నవాళ్ల బాకీలు పెరిగాయో లేదో సెప్టెంబర్ లెక్కలొచ్చే నవంబర్‌లో తెలుస్తుంది.

2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్లు) ఆడిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ తేల్చింది. మిగతా 7 శాతంలో తామున్నామని మా జిల్లాలో అందరూ అంటున్నారు. ఆ లెక్క కూడా ఆడిట్ చేయించి పంపగలరు.

ఇట్లు,
తమరి తేదీలు క్యాలెండర్‌లో ఎర్రసిరాతో గుర్తుపెట్టుకున్న నెల్లూరు జనం