పలకనివాడు రానట్టే

అనంతపురంలో ఒక బడి. పేరు చెప్పను. చెప్తే మా మేనల్లుడికి రేపు కూడా ఆబ్సెంట్ పడుతుంది.

వాడిది మూడో తరగతి. సెరిబ్రల్ పాల్సీ వల్ల మాట తిరగదు. వినడం, లెక్కలు, పక్కవాడి డబ్బాలో ఏముందో కనిపెట్టడం, అన్నీ వచ్చు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతాడు. సారుగారు రిజిస్టర్‌లోంచి తలెత్తరు. ‘ప్రెజెంట్ సార్’ అని చెవిన పడితేనే మనిషి వచ్చినట్టు. ఆ లెక్కన గోడ మీద బల్లికి నూటికి నూరు శాతం హాజరు.

మొన్న వీడు రెండో చెయ్యి కూడా ఎత్తాడు. బెంచీ దబదబా బాదాడు. ‘ఎవడ్రా అల్లరి?’ అంటూనే సారు ఆబ్సెంట్ వేశారు. పక్కవాడు ఉండబట్టలేక ‘వచ్చినాడు సార్, ఈడే ఉండాడు’ అన్నాడు. ‘ప్రాక్సీ చెప్తావా?’ అని వాణ్ణి నిలబెట్టారు. కళ్ళెదుట కూర్చున్నవాడికి ప్రాక్సీ! మధ్యాహ్నం ఇంకో చిక్కు: రాని పిల్లవాడికి గుడ్డు ఎట్లా వేస్తారు? వంటామె వేసేసింది. ఆమెకు రిజిస్టర్ చదవడం రాదు, పాపం, పిల్లలు కనిపిస్తారంతే.

ఇలాంటి పిల్లలకు అందరితో కలిపి చదువు చెప్పడాన్ని సహిత విద్య అంటారు. అందుకోసం మాటకు తోడుగా వేరే పద్ధతులు, బ్రెయిలీ, సైగల భాష వాడనివ్వండని 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. ప్రాథమిక తరగతుల్లో ఇలాంటి పదిమంది పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు అన్నది. మా బడిలో ఆ స్థానంలో బీరువా ఉంది.

మా అక్క టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపులో బొమ్మల కార్డులు లామినేషన్ చేయించింది. నీళ్ళు, నొప్పి, బాత్రూం, ‘అర్థం కాలేదు’. పిల్లలు చింపేస్తారని బడివాళ్ళు వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారు. జాగ్రత్తపరులు.

గురువారం వాడు నిక్కరు తడుపుకున్నాడు. అందరి ముందు. అక్కకు ఫోన్ చేసి ‘మీవాడికి చెప్పడం రాదమ్మా’ అన్నారు. వాడికి చెప్పడం వచ్చు సార్. వాడి నోరు తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది మీరు. ఆ రోజు సిగ్గుపడాల్సినవాడు ఎనిమిదేళ్ళ పిల్లవాడు కాదు.

శుక్రవారం కార్డుల కోసం నేనే వెళ్ళాను. తాళంచెవి హెడ్మాస్టర్ గారి దగ్గరుందట. ఆయన మూడు రోజులు ట్రైనింగ్‌లో ఉన్నారు.

ఏం ట్రైనింగ్ అని అడిగాను.

సహిత విద్యట.