తెరిచే ఉంటుందన్న తలుపు గారికి

మహారాజశ్రీ మా పెద్దసారు గది గాజు తలుపు గారి దివ్య సముఖమునకు,

యలహంక నుంచి మీ చెక్-ఇన్ కౌంటర్ దాసురాలు వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం, నిద్రొక్కటే లేదు. మీరు క్షేమమేనని నిన్న మధ్యాహ్నం మూడున్నర గంటల సేపు కళ్లారా చూశాను.

"నా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది" అని టౌన్‌హాల్ మీటింగులో మీ సారు అన్నారు. నమ్మేశాను, హిందూపురం దాన్ని కదా! వరుసగా ఐదు నైట్లు వేసి, ఆరో రోజు ఆఫ్ కాస్తా రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో పీకేశారు. అది చెప్పుకుందామంటే రెండింటికి రమ్మన్నారు. యూనిఫాం కూడా మార్చకుండా వచ్చి కార్డు పెట్టాను. మీరు 'కీక్' అని ఎర్ర లైటు చూపించారు. స్కార్ఫుతో కార్డు తుడిచి మళ్లీ పెట్టాను. మళ్లీ కీక్. టీ కుర్రాడొచ్చి జాలిపడ్డాడు: "మీ గ్రేడు కార్డుకి ఇది పలకదక్కా. నాకైతే పలుకుతుంది, సారుకి టీ కావాలి కదా."

తెరిచిన తలుపుకి కార్డెందుకండీ? పైగా గాజు. లోపల సారు నవ్వడం కనిపిస్తుంది, నా మాట మాత్రం లోపలికి పోదు. ఐదున్నరకి బయటికొచ్చి "మెయిల్ పెట్టమ్మా" అంటూ లిఫ్టు ఎక్కేశారు. పెట్టాను. నా అభిప్రాయం ఎంతో విలువైనదని నిమిషంలో జవాబొచ్చింది. అంత వేగం మా విమానాలకు ఉంటేనా!

మీ జాతిలోనే అదృష్టవంతులున్నారు. 1994లో అమెరికాలో దివాలా అంచున ఉన్న కాంటినెంటల్ విమాన సంస్థ పగ్గాలు పట్టిన గోర్డన్ బెథూన్, పెద్దల అంతస్తులో తాళాలేసి ఉండే తలుపులు తెరిపించాడు. రూల్సు పుస్తకాన్ని పార్కింగ్ స్థలంలో తగలబెట్టించాడు. విమానాలు టైముకి నడిచి సంస్థ మొదటి ఐదింటిలో నిలిచిన నెలల్లో ఉద్యోగికి 65 డాలర్లు ఇచ్చాడు. అదే సంస్థలో 1983లో ఫ్రాంక్ లోరెంజో దివాలా పిటిషన్ వేసి, యూనియన్ల ఒప్పందాలు చించేశాడు. సంస్థ అదే, మనుషులూ చాలావరకు వాళ్లే. మా సారుకి ఈ కథ తెలిసే ఉంటుంది, ఆయన గోడ మీద అన్నీ మేనేజ్‌మెంట్ పుస్తకాలే.

"మనమంతా ఒకే కుటుంబం" అనే పోస్టరు కూడా ఆ గోడ మీదే ఉంది. దాని సంగతి ఇంకో ఉత్తరంలో.

విమానం రెండు గంటలు లేటైతే కౌంటర్ ముందు తిట్లు తినేది నేను. ఒకాయన బోర్డింగ్ పాసు నా మొహాన విసిరాడు. "క్షమించండి సార్" అన్నాను, అలా అనడానికే ట్రైనింగిచ్చారు. ఆ రోజు మీ సారు ఎక్కడున్నారు? ఒక్కసారి, ఒక్క గంట కౌంటర్ దగ్గరికొచ్చి నిలబడితే ఆయన సొమ్మేం పోయింది? నాకు సమోసా పార్టీలు అక్కర్లేదు. వారం ముందు రోస్టరు కావాలి. ఆఫ్ అని రాసిన రోజు ఆఫ్ కావాలి. అంతే!

కోపమొచ్చింది, మన్నించండి. మీ తప్పేముంది, ఏ కార్డుకి పలకమంటే దానికే పలుకుతారు. నేనూ అంతేగా.

ఇంకొక్క మాట. నిన్న నిలబడి నిలబడి కునుకు పట్టి, నా నుదురు మీకు తగిలింది. గాజు మీద జిడ్డు మరక పడింది, మన్నించాలి. ఎయిర్ ఇండియా కౌంటర్ మీద దుమ్ము కనిపిస్తే జేఆర్‌డీ టాటా తనే తుడిచేసేవారట. హౌస్‌కీపింగ్ అక్కతో చెప్పాను, ఆ మరక ముట్టుకోవద్దని. చూద్దాం, ఎన్నాళ్లుంటుందో.

ఇట్లు,
నైట్ షిఫ్టు, మూడో కౌంటర్