ఐదడుగుల ఎత్తులో గాలి

(స్రవంతి పర్యావరణ ఇంజనీరింగ్‌లో పరిశోధన చేస్తోంది. హైదరాబాద్ పంజాగుట్ట కూడలిలో వాహనాల కాలుష్యాన్ని డ్రోన్‌తో కొలవాలని ప్రతిపాదన రాసుకుంది. ఆమె చిన్నాన్న యాదగిరి ట్రాఫిక్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. ప్రతిపాదన చదివి కాగితాలు పక్కన పెట్టాడు.)

యాదగిరి: నాకు నచ్చలేదమ్మా. రోడ్డు మీద పొగ ఉందని చెప్పడానికి ఆకాశంలోకి ఎగరాలా? నా దగ్గును అడుగు, చెప్తుంది.

స్రవంతి: నీ దగ్గు ఫైల్లోకి ఎక్కదు చిన్నాన్నా. అంకె ఎక్కుతుంది. సనత్‌నగర్‌లో, జూపార్క్‌లో గాలిని కొలిచే స్టేషన్లు ఉన్నాయి. అవి ఉన్న చోటి గాలినే చెప్తాయి. నువ్వు నిలబడిన కూడలి గాలి వాటికి తెలియదు.

యాదగిరి: తెలిసినా ఏం చేస్తారు? రోజు మొత్తానికి సగటు తీస్తారు. అర్ధరాత్రి ఖాళీ రోడ్డును, పొద్దున తొమ్మిదింటి జామ్‌ను కలిపి ఒక్క అంకె. నేను పీల్చింది సగటు గాలి కాదు.

స్రవంతి: నా బాధ కూడా అదే. పీఎం 2.5కి, అంటే ఊపిరితిత్తుల్లోకి దిగే సన్న ధూళి రేణువులకు, మన దేశంలో రోజు సగటు పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 అంది. ఆ రెంటి మధ్య ఉన్న తేడా సరే, నీ కూడలిలో సగటు కింద దాగిపోయే ఆ రెండు మూడు గంటల లెక్క నాకెక్కడా దొరకలేదు.

యాదగిరి: అయితే డ్రోన్ ఎంతసేపు ఎగురుతుంది?

స్రవంతి: బ్యాటరీ మీద ఇరవై, ముప్ఫై నిమిషాలు.

యాదగిరి: డ్యూటీ ఎనిమిది గంటలు.

స్రవంతి: కింద నుంచి వైరుతో కరెంటు ఇచ్చే డ్రోన్లున్నాయి. గంటల తరబడి ఒకేచోట నిలబడతాయి.

యాదగిరి: ఒకేచోట నిలబడేదానికి స్తంభం చాలదా? సిగ్నల్ స్తంభం అక్కడే ఉంది.

స్రవంతి: స్తంభం ఒక్క ఎత్తునే చూస్తుంది. చలికాలం పొద్దున నేల చల్లబడితే దాన్ని అంటుకున్న గాలీ చల్లబడుతుంది. పైన వెచ్చటి గాలి మూతలా పరుచుకుంటుంది, పొగ పైకి పోదు. ఆ మూత ఎంత ఎత్తులో ఉందో, ఏ వేళకు విడిపోతుందో డ్రోన్‌ను పైకీ కిందికీ నడిపితే తెలుస్తుంది. ఇంకొకటి. గాలి రోడ్డు వైపు వచ్చే పక్క ఒకసారి, రోడ్డు దాటి వెళ్లే పక్క ఒకసారి కొలిస్తే, ఆ రెంటి తేడానే రోడ్డు కలిపిన విషం. మిగతాది ఫ్యాక్టరీలదో, చెత్త కాల్చినదో, వేరే లెక్క.

యాదగిరి: దాని రెక్కల గాలికే ధూళి చెదిరిపోదా?

స్రవంతి: చెదురుతుంది. అందుకే గాలి పీల్చే గొట్టాన్ని రెక్కలకు దూరంగా, పొడవుగా పెట్టాలి. చిన్న సెన్సార్లకు ఇంకో లోపం ఉంది. అవి రేణువుల మీద కాంతి వేసి, చెదిరిన కాంతిని బట్టి లెక్క కడతాయి. తేమ ఉంటే రేణువులు ఉబ్బి అంకె ఎక్కువ చూపిస్తుంది. స్టేషన్ పక్కన పెట్టి సరిచూసుకోకుండా ఎగరేస్తే ఆ డేటా పనికిరాదు, ఒప్పుకుంటాను.

యాదగిరి: అంకె సరిగ్గానే వచ్చిందనుకో. ఎవరిని పట్టుకుంటావు?

స్రవంతి: యూరప్‌లో సముద్రం మీద ఓడల పొగలోకి డ్రోన్ పంపుతున్నారు. సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ ఎంతెంత ఉన్నాయో చూసి ఇంధనంలో సల్ఫర్ లెక్కగడతారు. అనుమానం వస్తే రేవులో ఆపి తనిఖీ చేస్తారు.

యాదగిరి: ఓడకు ఒక పొగగొట్టం, ఒక పేరు. పంజాగుట్టలో సిగ్నల్ పడితే వందల సైలెన్సర్లు. ఆ పొగ ఎవరిదని రాస్తావు?

స్రవంతి: బండి బండినీ డ్రోన్ పట్టుకోలేదు. దానికి రోడ్డుకు అడ్డంగా కాంతి పుంజం వేసి, పోతున్న బండి పొగను చదివే పరికరం ఉంది. అమెరికాలో డెన్వర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డొనాల్డ్ స్టెడ్‌మన్ 1980ల చివర్లోనే చేశారు. డ్రోన్ పని వేరు. ఏ కూడలిలో, ఏ వేళకు, ఎంత ఎత్తు వరకు అన్నది చెప్పడం.

యాదగిరి: ఇప్పుడు బంకుల దగ్గర ఇచ్చే పొల్యూషన్ సర్టిఫికెట్ సంగతి?

స్రవంతి: పెట్రోల్ బండికి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు. డీజిల్‌కు పొగ ఎంత నల్లగా ఉందో చూస్తారు. నీ ఊపిరితిత్తుల్లోకి దిగే సన్న రేణువులను కొలవరు.

యాదగిరి: (కాసేపు ఆగి) సరే. కానీ పంజాగుట్ట నుంచి బేగంపేట విమానాశ్రయం మూడు, నాలుగు కిలోమీటర్లే. ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్ వెళ్లినా అక్కడ ఇంకా విమానాలు దిగుతున్నాయి. నీకు అనుమతి ఎవరిస్తారు?

స్రవంతి: 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం అది కష్టమే. ఆ మాట నేను రాయలేదు, రాయాల్సింది. ఎల్బీనగర్‌కు మారుస్తాను. విజయవాడ బస్సులు చాలా అక్కడ ఆగుతాయి.

యాదగిరి: మార్చు. ఇంకో మాట కూడా రాయి. నీ డ్రోన్ ఎంత ఎత్తులో ఎగిరినా, కానిస్టేబుల్ ముక్కు ఐదడుగుల ఎత్తులోనే ఉంటుంది. వాడి భుజానికి ఒక సెన్సార్ కట్టు. అది లేకుండా పైన ఎంత కొలిచినా నేను ఒప్పుకోను.

స్రవంతి: కడతాను. పైనా కిందా ఒకే వేళకు కొలుస్తాను. డిసెంబర్‌లో, పొద్దున ఎనిమిది నుంచి.

యాదగిరి: ఎనిమిది కాదు, ఏడున్నర. స్కూలు బస్సులు అప్పుడే మొదలవుతాయి.